ఎన్‌హెచ్‌ఎల్‌లో తలకు తగిలే దెబ్బలకు శిక్ష ఒక్కొక్కరికి ఒక్కోలా ఎందుకు ఉంటుంది?

మీరు అడిగినవి రెండు. ఉత్తర అమెరికా ఐస్ హాకీలో పెద్ద లీగ్ అయిన ఎన్‌హెచ్‌ఎల్‌లో చూడటానికి ఒకేలా ఉన్న దెబ్బలకు ఒకడిని ఇరవై మ్యాచ్‌లు బయట కూర్చోబెడతారు, ఇంకొకడికి చిన్న జరిమానా వేస్తారు, మరొకడిని అసలేమీ అనరు, ఎందుకని. ఇదంతా టీవీలో చూశాక మీ పదేళ్ళ అబ్బాయిని హాకీలో చేర్పించాలా వద్దా అన్నది రెండోది. నేను కెనడాలోని ఒంటారియోలో ఉంటాను. మావాడు చిన్నప్పటి నుంచి ఇక్కడి పిల్లల లీగుల్లో డిఫెన్స్ ఆడుతున్నాడు, కాబట్టి ఈ రెండు ప్రశ్నలూ మా ఇంట్లో చాలాసార్లు నలిగినవే.

మొదటిదానికి నాకు అర్థమైన జవాబు ఇది. ఎన్‌హెచ్‌ఎల్, ఆటగాడు చేసిన పనిని మాత్రమే చూసి ఆగిపోదు, దాని వల్ల అవతలివాడికి ఏమైందో కూడా చూసి శిక్ష వేస్తుంది. చాలాసార్లు ఆ రెండోదే ఎక్కువ బరువు తూగుతుంది. గాయమైందా లేదా అన్నది సగం అదృష్టం. అందుకే శిక్షలు కూడా లాటరీలా కనిపిస్తాయి.

క్రికెట్ చూసి పెరిగిన మనకి ముందు ఒక విషయం తెలియాలి. పక్ (కర్రతో కొట్టే రబ్బరు బిళ్ళ) దగ్గరున్న ఆటగాడిని భుజంతోనో తుంటితోనో గుద్దడం ఈ ఆటలో తప్పు కాదు. దాన్ని బాడీ చెక్ అంటారు, పిల్లలకు పద్ధతిగా నేర్పిస్తారు. పక్ వదిలేశాక ఆలస్యంగా గుద్దితే తప్పు. ఎగిరి గుద్దినా, దూరం నుంచి పరుగు తీసుకుని వచ్చి గుద్దినా తప్పు. తిరిగి ఉన్నవాడిని వెనక నుంచి గోడకేసి తోస్తే అది బోర్డింగ్. తలకు గురిపెట్టి గుద్దడం అన్నిటికన్నా పెద్ద తప్పు. రింక్, అంటే ఆడే మంచు మైదానం, పొడవు 200 అడుగులు, వెడల్పు 85 అడుగులు. అందులో తొంభై కిలోల మనుషులు గంటకు 30 కిలోమీటర్ల పైన వేగంతో తిరుగుతుంటారు. న్యాయమైన గుద్దుకీ ప్రమాదకరమైన గుద్దుకీ మధ్య తేడా కొన్ని అంగుళాలు, అర సెకను. తీర్పు చెప్పడం కష్టమని నేనూ ఒప్పుకుంటాను. అయితే నా కోపం అంత సన్నని కేసుల మీద కాదు.

2012 ఏప్రిల్‌లో వారం లోపు జరిగిన రెండు సంఘటనలు చూడండి. ఏప్రిల్ 11న నాష్‌విల్, డెట్రాయిట్ జట్ల ప్లేఆఫ్ మొదటి మ్యాచ్ ఆఖరి క్షణాల్లో నాష్‌విల్ కెప్టెన్ షే వెబర్, హెన్రిక్ జెటర్‌బర్గ్ తలను చేత్తో పట్టి రింక్ చుట్టూ ఉండే అద్దానికేసి కొట్టాడు. హెల్మెట్ పగిలింది. పక్ కోసం పోటీ పడుతూ పొరపాటున తగిలిన దెబ్బ కాదది. లీగ్ అతనికి 2,500 డాలర్లు జరిమానా వేసింది, అప్పట్లో గరిష్ఠ జరిమానా అంతే. సస్పెన్షన్ లేదు. జెటర్‌బర్గ్‌కి గాయం కాలేదు, తర్వాతి మ్యాచ్ ఆడతాడు అని లీగ్ తన ప్రకటనలోనే రాసుకుంది. అదే వేసవిలో వెబర్‌కి 14 ఏళ్ళకు 110 మిలియన్ డాలర్ల ఒప్పందం కుదిరింది. ఆ జరిమానా అతనికి ఏపాటిదో మీరే ఊహించుకోండి.

ఆరు రోజుల తర్వాత, ఏప్రిల్ 17న, ఫీనిక్స్ ఆటగాడు రాఫీ టోరెస్ చికాగోలో మారియన్ హోసాని గుద్దాడు. హోసా అప్పటికే పక్ వదిలేశాడు. టోరెస్ పాదాలు మంచు మీంచి లేచాయి, దెబ్బ తలకు తగిలింది. హోసాని స్ట్రెచర్ మీద తీసుకెళ్ళారు. రింక్‌లో ఉన్న రిఫరీలు రెండు నిమిషాలు బయట కూర్చోబెట్టే చిన్న పెనాల్టీ కూడా ఇవ్వలేదు. తర్వాత లీగ్ 25 మ్యాచ్‌ల సస్పెన్షన్ వేసింది, అప్పీలులో అది 21కి తగ్గింది. టోరెస్‌కి పాత చరిత్ర ఉంది, ఆ శిక్షకు అతను అర్హుడే. 2015లో మళ్ళీ ఒకడి తలకు గురిపెట్టి 41 మ్యాచ్‌లు బయట కూర్చున్నాడు. నా ప్రశ్నల్లా వెబర్ గురించే. మనసులో ఏముందో తెలిసిపోయే పని వెబర్ చేసిందే కదా? జెటర్‌బర్గ్ లేచి నిలబడ్డాడు, హోసా లేవలేదు. శిక్షల్లో అంత తేడా రావడానికి నాకు కనిపించే పెద్ద కారణం అదే.

ఇది నాకు పుస్తకాల్లోంచి రాలేదు. మావాడి ఆటలోనే చూశాను. ఒక మ్యాచ్‌లో గోడ దగ్గర పక్ తీసుకుంటుంటే అవతలి జట్టు అబ్బాయి వెనక నుంచి తోశాడు. హెల్మెట్ ముందు భాగం గోడకి తగిలింది. మావాడు కాసేపటికి లేచి, బాగానే ఉన్నానంటూ చెయ్యి ఊపాడు. రిఫరీ ఆ అబ్బాయిని ఆటలోంచి పంపించేశాడు, అంతవరకు బాగానే జరిగింది. మర్నాడు పొద్దున్న మావాడు కిటికీ తెర తీయొద్దన్నాడు. వెలుతురు భరించలేకపోయాడు, పుస్తకం తెరిస్తే అక్షరాలు కదులుతున్నాయన్నాడు. డాక్టర్ కంకషన్, అంటే దెబ్బకు మెదడు అదిరింది అని తేల్చింది. కొన్ని వారాలు బడికి సగం పూటే వెళ్ళాడు.

ఆ డాక్టర్ చీటీ లీగ్ వాళ్ళకు పంపాకే ఆ అబ్బాయి శిక్ష పెంచారు. అదే సీజన్లో మా జట్టు అబ్బాయి ఒకడు అచ్చం అలాగే ఇంకొకడిని తోశాడు. ఆ పిల్లాడికి ఏమీ కాలేదు కాబట్టి మా జట్టు అబ్బాయికి కనీస శిక్షతో సరిపెట్టారు. మా జట్టు తల్లిదండ్రులు ఊపిరి పీల్చుకున్నారు. నాకు మాత్రం అది మింగుడు పడలేదు. ఇద్దరు పిల్లలూ చేసిన పని ఒక్కటే. మావాడి మెదడు కదిలిందా లేదా అన్నది ఆ అబ్బాయి చేతిలో లేదు. తిరిగి ఉన్నవాడిని తోయకుండా ఆగడం ఒక్కటే వాడి చేతిలో ఉన్నది. శిక్ష దానికి పడాలి.

మళ్ళీ ఎన్‌హెచ్‌ఎల్ దగ్గరికి వస్తాను. తలకు తగిలే దెబ్బల కోసం ప్రత్యేకంగా ఒక నియమం 2010 దాకా లేనే లేదంటే నమ్ముతారా? 2000లో స్కాట్ స్టీవెన్స్, ఎరిక్ లిండ్రోస్‌ని గుద్దిన వీడియో చూడండి. ప్లేఆఫ్ ఏడో మ్యాచ్, లిండ్రోస్ మంచు మీద స్పృహ లేకుండా పడిపోయాడు, పెనాల్టీ కూడా లేదు. ఏళ్ళ తరబడి దాన్ని గొప్ప హిట్‌గా చూపించారు. 2009 అక్టోబర్‌లో మైక్ రిచర్డ్స్ దెబ్బకు డేవిడ్ బూత్ స్ట్రెచర్ ఎక్కాడు, సస్పెన్షన్ లేదు. 2010 మార్చి 7న మ్యాట్ కుక్, మార్క్ సావర్డ్‌ని కంటికి కనబడని వైపు నుంచి వచ్చి తలకు గుద్దాడు. నియమాల పుస్తకంలో దీనికి శిక్ష లేదు అని లీగ్ చేతులెత్తేసింది. జనం గగ్గోలు పెట్టడంతో అదే నెలలో కొత్త నియమం వచ్చింది. ఇప్పుడు అది 48వ నియమం. సావర్డ్ తిరిగి వచ్చి ఆడాడు, 2011 జనవరిలో మళ్ళీ కంకషన్ అయింది, ఆ తర్వాత అతను ఎప్పుడూ ఆడలేదు.

ఆ 48వ నియమం ఏమంటుందో చూస్తే మీ ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది. దెబ్బ ప్రధానంగా తలకే తగలాలి, పైగా అది తప్పించగలిగినదై ఉండాలి. ఈ రెండూ ఉంటేనే తప్పు. గుద్దినవాడు శరీరానికి గురిపెట్టాడా, దెబ్బ తిన్నవాడు వంగి తనే ప్రమాదంలో పడ్డాడా, ఆఖరి క్షణంలో కదిలాడా అని కూడా చూస్తారు. ఇన్ని తలుపులుంటే ఏదో ఒక దాంట్లోంచి బయటపడవచ్చు. ఒకే రీప్లే చూసి ఇద్దరు నిజాయితీపరులు రెండు తీర్పులు చెప్పగలరు.

2021 డిసెంబర్‌లో చికాగో ఆటగాడు జుఝార్ ఖైరాకి జరిగింది మా చుట్టుపక్కల ఇళ్ళలో బాగా చర్చకు వచ్చింది. ఖైరా బ్రిటిష్ కొలంబియాలోని సర్రీలో పుట్టిన పంజాబీ కుర్రాడు. మన దేశపు మూలాలున్నవాళ్ళు ఆ స్థాయికి వెళ్ళడం ఎంత అరుదో మీకు తెలిసే ఉంటుంది, మా వీధి పిల్లలందరికీ అతని పేరు తెలుసు. అతను కిందికి చూస్తూ పక్ అందుకోబోతుంటే న్యూయార్క్ ఆటగాడు జేకబ్ ట్రూబా ఎదురుగా వచ్చి భుజంతో గుద్దాడు. ఖైరా అక్కడికక్కడే పడిపోయాడు, స్ట్రెచర్ మీద ఆసుపత్రికి తీసుకెళ్ళారు. పెనాల్టీ లేదు, సస్పెన్షన్ లేదు. శరీరానికి గురిపెట్టిన సరైన హిట్ అన్నారు. ఆ నియమం అక్షరాల ప్రకారం చూస్తే వాళ్ళ వాదన కొట్టిపారేయలేం. నాకు అభ్యంతరం ఆ అక్షరాల మీదే.

ఎందుకంటే మావాడు ఆడే చోట అవే అక్షరాలు లేవు. కెనడాలో ఈ ఆటను నడిపే సంస్థ హాకీ కెనడా 2011 నుంచి పిల్లల ఆటలో తలకు తగిలితే చాలు, పొరపాటున తగిలినా పెనాల్టీ అంది. అంతర్జాతీయ మ్యాచ్‌ల నియమాలు కూడా తల విషయంలో ఎన్‌హెచ్‌ఎల్ కన్నా గట్టిగా ఉంటాయి. క్రికెట్‌లో బీమర్ గుర్తు తెచ్చుకోండి. నడుం పైన ఫుల్‌టాస్ పడితే అది నోబాల్. చెయ్యి జారిందా, కావాలని వేశాడా, బ్యాట్స్‌మన్‌కి తగిలిందా అని అంపైర్ ఆగి ఆలోచించడు. ప్రమాదకరంగా మళ్ళీ వేస్తే ఆ ఇన్నింగ్స్‌లో బౌలింగే ఉండదు. దాని వల్ల ఫాస్ట్ బౌలింగ్ చచ్చిపోలేదు. హాకీలో తల విషయంలో ఇలాంటి గీత ఒకటి గీస్తే ఆట మెత్తబడిపోతుందని భయపెట్టేవాళ్ళ మాట నేను నమ్మను.

ఇక తీర్పు ఇచ్చేది ఎవరు? 2011లో ఆటగాళ్ళ భద్రత కోసం లీగ్ ఒక ప్రత్యేక విభాగం పెట్టింది. మొదట బ్రెండన్ షానహాన్, తర్వాత స్టెఫాన్ కింటాల్, 2017 నుంచి జార్జ్ పారోస్ దాన్ని నడిపారు. ముగ్గురూ మాజీ ఆటగాళ్ళే. షానహాన్ వచ్చాక ప్రతి సస్పెన్షన్‌కీ కారణం చెబుతూ వీడియో పెట్టడం మొదలైంది, అది నిజంగా మంచి పని. సస్పెన్షన్ ఇవ్వని హిట్‌కి మాత్రం చాలాసార్లు వివరణ ఉండదు. మనకు అర్థం కానివి ఎక్కువగా అవే.

వాళ్ళ చేతులు కూడా కొంత కట్టేసి ఉంటాయి. జరిమానా పరిమితులు లీగ్‌కీ ఆటగాళ్ళ సంఘానికీ మధ్య కుదిరిన ఒప్పందంలో ఉన్నాయి. ఆరు మ్యాచ్‌లు, ఆపైన వేయాలనుకుంటే ఆటగాడికి ఎదురుగా కూర్చుని వాదన చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. కమిషనర్ గ్యారీ బెట్‌మన్‌కి అప్పీలు చేసుకోవచ్చు, ఆరు మ్యాచ్‌లకు తక్కువ కాని శిక్షైతే అక్కడి నుంచి స్వతంత్ర మధ్యవర్తి దగ్గరికి కూడా వెళ్ళవచ్చు. 2018లో వాషింగ్టన్ ఆటగాడు టామ్ విల్సన్‌కి 20 మ్యాచ్‌లు వేశారు, బెట్‌మన్ సమర్థించాడు, మధ్యవర్తి 14కి తగ్గించాడు. అప్పటికే విల్సన్ 16 మ్యాచ్‌లు కూర్చున్నాడు. ఆటగాళ్ళ సంఘం పని కూడా ఇక్కడ ఇరకాటమే, గుద్దినవాడూ దెబ్బ తిన్నవాడూ ఇద్దరూ దాని సభ్యులే. అప్పీలులో అది నిలబడేది సస్పెండ్ అయినవాడి వైపు. దెబ్బ తిన్నవాడి వైపు నుంచి, శిక్ష చాలలేదు అని అప్పీలు చేసే దారే లేదు. మాకు పిల్లల లీగ్‌లో అయినా డాక్టర్ చీటీ పంపే వీలుంది.

అదే విల్సన్ 2021 మే 3న న్యూయార్క్‌లో, కింద పడి ఉన్న న్యూయార్క్ రేంజర్స్ ఆటగాడు పావెల్ బుచ్నెవిచ్‌ని కొట్టాడు, తర్వాత అదే జట్టు ఆటగాడు ఆర్టెమీ పనారిన్‌ని మంచు మీద పడేశాడు. పనారిన్ ఆ సీజన్‌లో మళ్ళీ ఆడలేదు. విల్సన్‌కి అప్పటికే పెద్ద చరిత్ర ఉంది, అదే ఏడాది మార్చిలో బ్రాండన్ కార్లోని ఆసుపత్రికి పంపి ఏడు మ్యాచ్‌లు బయట కూర్చున్నాడు. మే 3 సంగతికి అతనికి పడింది 5,000 డాలర్లు. భద్రతా విభాగం అధిపతి ఆ పదవికి పనికిరాడంటూ న్యూయార్క్ రేంజర్స్ ప్రకటన విడుదల చేస్తే, లీగ్ ఆ క్లబ్బుకి 2,50,000 డాలర్లు వేసింది. కొట్టినవాడు కట్టినదానికి యాభై రెట్లు. అది చదివిన రోజు నాకు చాలా బాధేసింది.

మే 5న అవే రెండు జట్లు మళ్ళీ తలపడ్డాయి. పక్ కింద పడీ పడగానే ఆటగాళ్ళు గ్లవ్స్ విసిరేసి జంటలు జంటలుగా కొట్టుకున్నారు. మొదటి ఐదు నిమిషాల్లో ఆరు కొట్లాటలు. లీగ్ న్యాయం చేయదని ఆటగాళ్ళకు అనిపించిన రోజు వాళ్ళే న్యాయం చేయడానికి దిగుతారు. ఇది కొత్త కాదు. 2004 ఫిబ్రవరిలో కొలరాడో ఆటగాడు స్టీవ్ మోర్, వాంకూవర్ కెప్టెన్ మార్కస్ నాస్‌లుండ్‌ని గుద్ది కంకషన్ తెప్పించాడు. లీగ్ ఏమీ అనలేదు. మార్చి 8న వాంకూవర్‌లో టాడ్ బెర్టుజి వెనక నుంచి వచ్చి మోర్‌ని గుద్ది, మీద పడి మంచులోకి అదిమాడు. మోర్ మెడలో మూడు ఎముకలు విరిగాయి. అతని కెరీర్ ఆ రాత్రితో ముగిసింది. బెర్టుజి కోర్టులో నేరం ఒప్పుకున్నాడు, మోర్ వేసిన సివిల్ కేసు 2014 దాకా నడిచి రాజీతో ముగిసింది. ఆ ఫిబ్రవరి దెబ్బకు రెండు మూడు మ్యాచ్‌ల శిక్ష పడి ఉంటే బెర్టుజి ఆగేవాడని నేను గట్టిగా చెప్పలేను, ఆగే అవకాశం మాత్రం ఉండేది.

గట్టి శిక్ష పని చేస్తుందా అంటే చేస్తుంది. మ్యాట్ కుక్‌నే చూడండి. 2011 మార్చిలో ఒకరి తలకు మోచేత్తో కొట్టినందుకు సీజన్‌లో మిగిలిన పది మ్యాచ్‌లు, ప్లేఆఫ్ మొదటి రౌండు మొత్తం పోయాయి. తర్వాతి సీజన్‌లో అతను ఆట తీరే మార్చుకున్నాడు, పెనాల్టీ నిమిషాలు బాగా తగ్గిపోయాయి. 2014లో ఒకసారి జారాడు, నిజమే. లీగ్ తల్చుకుంటే సమానంగా చూడగలదు కూడా. 2025 జనవరిలో ఒకే మ్యాచ్‌లో ఇద్దరు క్రాస్‌చెక్ చేశారు, అంటే రెండు చేతుల మధ్య కర్ర పట్టుకుని తల మీదికి తోశారు. ఒకడు ప్రపంచంలోనే గొప్ప ఆటగాడు కానర్ మెక్‌డేవిడ్, రెండోవాడు టైలర్ మైయర్స్. ఇద్దరికీ మూడేసి మ్యాచ్‌లు. ఆ రోజు సోషల్ మీడియాలో ఎంత గొడవ జరిగినా, తీర్పు మాత్రం అందరికీ అర్థమైంది.

నాకు అధికారం ఉంటే తలకు తగిలిన ప్రతి దెబ్బకూ, గాయమైనా కాకపోయినా, ఒక కనీస సస్పెన్షన్ పెడతాను. గాయాన్ని బట్టి పెంచడం మానేసి, ఎన్నోసారి చేశాడన్నదాన్ని బట్టి పెంచుతాను. ప్లేఆఫ్‌లకు వేరే కొలత ఉండదు. డెరెక్ బూగార్డ్ 28 ఏళ్ళకే చనిపోయాక అతని మెదడు పరీక్షిస్తే, పదే పదే దెబ్బలు తగలడం వల్ల వచ్చే సీటీఈ అనే జబ్బు బయటపడింది. అతని తర్వాత మరికొందరి మెదళ్ళలోనూ కనిపించింది. ఇంత తెలిశాక కూడా, అవతలివాడు లేచి నిలబడ్డాడా అన్నదే కొలతగా పెట్టుకోవడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. మావాడూ ఆ రోజు లేచి నిలబడ్డాడు.

ఇక మీ అబ్బాయి. చేర్పించండి. టీవీలో చూసేది, వాడు ఆడబోయేది దాదాపు రెండు వేరే ఆటలు. హాకీ కెనడా 2013లో 11, 12 ఏళ్ళ పిల్లలకు బాడీ చెకింగ్ దేశమంతా నిషేధించింది. అంతకు ముందు ఆ వయసులో చెకింగ్ ఉన్న ఆల్బెర్టా రాష్ట్రాన్నీ, లేని క్యుబెక్ రాష్ట్రాన్నీ పోల్చి చూస్తే ఆల్బెర్టా పిల్లల్లో కంకషన్ ప్రమాదం మూడు రెట్ల పైనే ఉందని 2010లో ఒక అధ్యయనం తేల్చింది. ఇక్కడ పిల్లలు సరదాగా ఆడే హౌస్ లీగ్‌లో చెకింగ్ ఉండదు. పోటీ జట్లలోనే, అదీ 13, 14 ఏళ్ళ దగ్గర మొదలవుతుంది. అప్పటికి వాడు అటు వెళ్తాడో లేదో చూద్దురు గాని.

ఒంటారియోలో రోవన్స్ లా అని 2018లో ఒక చట్టం వచ్చింది. కంకషన్ అయి ఉండొచ్చని అనుమానం వస్తే పిల్లాడిని వెంటనే ఆటలోంచి తీసేయాలి, డాక్టర్ సరే అనేదాకా మళ్ళీ దింపకూడదు. రగ్బీలో వరసగా తలకు దెబ్బలు తగిలి 2013లో చనిపోయిన పదిహేడేళ్ళ రోవన్ స్ట్రింగర్ పేరు మీద పెట్టారు. మీ వాడు బాగానే ఉన్నానన్నా నమ్మకండి. ఆ రాత్రి, మర్నాడు గమనించండి. తలనొప్పి, వెలుతురు పడకపోవడం, చిరాకు, చదువు మీద నిలవలేకపోవడం, ఏది కనిపించినా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి. హెల్మెట్ పుర్రెను కాపాడుతుంది, లోపల మెదడు కదలకుండా ఆపలేదు. ఖరీదైన హెల్మెట్ కొన్నాం కదా అని టెన్షన్ లేకుండా కూర్చోకండి.

జట్టు ఎంచుకునే ముందు ఆ కోచ్ ఆడించే మ్యాచ్ ఒకటి చూడండి. తన జట్టు పిల్లాడు ఎవరినైనా వెనక నుంచి తోసినప్పుడు, అవతలివాడికి దెబ్బ తగలకపోయినా, పిలిచి బెంచ్ మీద కూర్చోబెట్టి మాట్లాడితే మీ వాడిని ఆయన దగ్గరే చేర్పించండి. రిఫరీ మీద అరిస్తే ఇంకో జట్టు చూసుకోండి.